ఉందనడమే నేర్చిన మాక్

విశాఖపట్నంలో మధురవాడ కొండ మీదున్న ఒక చిన్న కంపెనీలో పైడిరాజు అనే ప్రోగ్రామర్ ఉండేవాడు, పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ ఎవరైనా "లేదు" అన్నా, "కాదు" అన్నా అతనికి ఒళ్లు మండిపోయేది.

మనిషి చెడ్డవాడు కాదు. అడిగినవాళ్లకు సాయం చేసేవాడు. క్యాంటీన్‌కు వెళ్తే పక్కవాడికి కూడా టీ తెచ్చేవాడు. కానీ ఏ పని చేసినా "బాగుందా?" అని అడిగేవాడు. అడిగాక "బాగుంది" అనాల్సిందే. "బాగానే ఉంది గానీ..." అని ఎవరైనా మొదలుపెట్టారా, ఆ "గానీ" దగ్గరే మొహం మాడ్చుకునేవాడు. భార్య కుసుమ ఈ సంగతి పెళ్లైన కొత్తలోనే కనిపెట్టింది. అతను చేసిన ఉప్మా సగం మాడినా "బ్రహ్మాండం" అనేది. ఆఫీసులో వాళ్లు కూడా త్వరగానే నేర్చుకున్నారు. అలా చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపడం మొదలుపెట్టారు. అతను దాన్నే మెప్పు అనుకున్నాడు, పాపం.

తల ఊపనివాడు ఒక్కడే ఉండేవాడు. అతని అప్ప నారాయణమ్మ భర్త, గవర్రాజు. ఆ ప్రాంతంలో అక్కను అప్ప అంటారు. వాళ్లు కొండల వైపు జీడివలస అనే ఊళ్లో జీడితోట చూసుకుంటూ బతికేవాళ్లు. పైడిరాజు కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజున చుట్టాలంతా గోడలు తడిమి చూసి, "అదిరింది" అన్నారు. గవర్రాజు మాత్రం గదులన్నీ తిరిగి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి పెదవి విరిచాడు.

"గాలాడదు బామ్మర్దీ. దీన్లో ఎలా తొంగుంటావు?" అన్నాడు.

అందరూ నవ్వారు. పైడిరాజు నవ్వలేదు. "తోటలో పడుకునేవాడివి, ఫ్లాట్ల సంగతి నీకేం తెలుసు బావా?" అన్నాడు.

"ఫ్లాట్ల సంగతి నాకు తెలీదు. గాలి సంగతి తెలుసు. రాదు," అన్నాడు గవర్రాజు, చేతిలో ఉన్న బూరె కొరుకుతూ.

అందులో ఎగతాళేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు అనేయడం అతని అలవాటు. బస్సెక్కేలోపే ఆ మాట మర్చిపోయాడు కూడా. పైడిరాజు మర్చిపోలేదు. ఆ రోజు నుంచి బావతో మాట్లాడటం మానేశాడు. అప్ప ఫోన్ చేసి, "ఫోన్ మీ బావకిమ్మంటావేటి?" అని అడిగితే, "పనిలో ఉన్నానప్పా, తర్వాత" అని పెట్టేసేవాడు. నిజం చెప్పాలంటే ఆ ఫ్లాట్‌లో గాలి రాదు. వేసవంతా ఏసీ వేసుకుని పడుకున్నాడు గానీ ఒప్పుకోలేదు.

ఇలా ఉండగా ఆ కంపెనీకి ఒక మంచి పని వచ్చింది. కొండ ప్రాంతంలో పాముకాట్లు ఎక్కువ. విరుగుడు మందు అన్ని ఆసుపత్రుల్లోనూ అన్ని వేళలా ఉండదు. అంబులెన్సు మందు లేని చోటికి వెళ్లి, అక్కణ్ణించి ఇంకోచోటికి తిరిగేలోపు మనిషి ప్రాణం పోతుంది. అందుకని అంబులెన్సులో ఒక తెర పెట్టాలి. తెర మీద దగ్గర్లోని ఆసుపత్రుల పేర్లు, వాటి పక్కన మందు "ఉంది" అనో "లేదు" అనో కనబడాలి. తెర వెనకాల ఉండే ప్రోగ్రాం, ఆసుపత్రి మందులగదిలోని కంప్యూటర్‌ను ఇంటర్నెట్ మీద అడిగి ఆ సంగతి తెలుసుకోవాలి. ఆ అడిగే భాగాన్ని జావా అనే కంప్యూటర్ భాషలో రాసే పని పైడిరాజుకు అప్పగించారు.

రాయడం ఎంత పనో, రాసినదాన్ని పరీక్షించడం అంత పని. పరీక్షించిన ప్రతిసారీ ఆసుపత్రి కంప్యూటర్‌ను నిజంగా అడిగి విసిగించలేరు. అందుకని దాని స్థానంలో ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను పెట్టుకుంటారు. దాన్నే మాక్ అంటారు. నాటకం రిహార్సల్‌కు రాజు వేషగాడు రాకపోతే హార్మోనిస్టు ఆ కుర్చీలో కూర్చుని రాజు మాటలు అప్పజెబుతాడే, అలాంటిదన్నమాట. ఇందులో తప్పేమీ లేదు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లంతా చేసేదే. కాకపోతే మాక్‌కు సొంత బుద్ధి ఉండదు. "లేదు" అనమంటే "లేదు" అంటుంది. నోరు మూసుకోమంటే మూసుకుంటుంది. మంచి పనివాడు దాని చేత అన్నీ చేయించి చూస్తాడు.

పైడిరాజు తన మాక్‌కు ఒక్క మాటే నేర్పాడు. అది "ఉంది". ఏ జవాబు వస్తే అదే తెర మీద పడుతుంది కదా, ఒక్కటి చూస్తే చాలదా అనుకున్నాడు. ఇంకో పని కూడా చేశాడు. జవాబు వచ్చేదాకా ఆసుపత్రి పేరు పక్కన ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగాలేదని, ఆ ఖాళీలో ముందే "ఉంది" అని నింపి పెట్టాడు. అసలు జవాబు వచ్చాక అదే మారిపోతుందిలే అనుకున్నాడు. ఇక పరీక్ష మొదలయ్యేది. ప్రోగ్రాం మాక్‌ను అడిగేది, మాక్ "ఉంది" అనేది, తెర మీద "ఉంది" అని కనబడేది, పక్కన పచ్చ టిక్కు పడేది. ఆ ప్రోగ్రాం ఎవరినీ ఏమీ అడక్కుండా ఊరికే కూర్చున్నా ఆ పరీక్ష పాసయ్యేదే. ఆ ముక్క అతనికి తట్టలేదు.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉండేది. మేనేజరు వైకుంఠరావు ఒకప్పుడు రైల్వే గార్డుల జెండాలాంటి పచ్చజెండా ఒకటి కొనుక్కొచ్చాడు. ఎవరి పరీక్షలన్నీ పచ్చగా వస్తే ఆ వారం జెండా వాళ్ల బల్ల మీద ఉండేది. పరీక్ష తప్పి ఒక్క ఎర్ర గీత కనబడిందా, జెండా పక్క బల్లకు వెళ్లిపోయేది. పైడిరాజు బల్ల మీంచి అది కదిలి చాలా కాలమైంది.

పైడిరాజు జట్టులోకి రుఖియా అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. మాట నెమ్మది. పని చూస్తే ఏ మూలా వదిలేది కాదు. ఒకరోజు పైడిరాజు రాసిందంతా చదివి, అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"పైడిరాజు గారూ, ఆసుపత్రి నుంచి అసలు జవాబే రాకపోతే తెర మీద ఏం పడుతుందండీ?" అని అడిగింది.

"ఎందుకు రాదు? నా పరీక్షల్లో ఎప్పుడైనా రాకుండా ఉందా?" అన్నాడు పైడిరాజు.

"అక్కడ జవాబిచ్చేది మీరు నేర్పిన మాక్ కదండీ. నిజంగా అక్కడ కరెంటు పోతే? నెట్ పోతే? నేను మాక్ నోరు కట్టేసి ఒక పరీక్ష రాశాను. అప్పుడు తెర మీద 'జవాబు రాలేదు' అని పడాలి. మనది 'ఉంది' అంటోందండీ. ఎర్రగా వచ్చింది."

ఎర్రగా అన్న మాట వినగానే పక్క బల్లల వాళ్లు తలలు తిప్పారు. పైడిరాజు చెవులు వేడెక్కాయి.

"కరెంటు పోయిన ఆసుపత్రుల గురించి ఇప్పట్నించే కలలు కనకు రుఖియా. ఆ పరీక్ష తీసి పక్కన పెట్టు. తర్వాత తీరిగ్గా చూద్దాం," అన్నాడు.

"చిన్న మార్పేనండీ. ముందే 'ఉంది' అని నింపకుండా ఉంటే..."

"పక్కన పెట్టమన్నానా?"

రుఖియా ఉద్యోగానికి కొత్త, అతను పెద్ద. ఆ పరీక్షను పక్కన పెట్టేసింది. ఆ తర్వాత అతన్ని ఏ ప్రశ్నా అడగలేదు. అడగకపోవడమే బాగుందనుకున్నాడు పైడిరాజు. ఆ వారం కూడా జెండా అతని బల్ల మీదే ఉంది.

తెరలు అంబులెన్సుల్లోకి ఎక్కాయి. మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. ఆసుపత్రి కంప్యూటర్ "ఉంది" అంటే తెర "ఉంది" అంది, "లేదు" అంటే "లేదు" అంది. తెర చూసుకుని వెళ్లిన అంబులెన్సుల్లో బతికి బట్టకట్టినవాళ్లు ఉన్నారు. పైడిరాజు పొంగిపోయాడు. అప్పకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, "మీ వైపు అంబులెన్సుల్లో ఉండేది నేను చేసిందేనప్పా" అని. బావకు చెప్పమని మాత్రం అనలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఈదురుగాలితో వాన కొడుతుండగా పైడిరాజు ఫోన్ మోగింది. అటునుంచి అప్ప గొంతు ఆయాసంగా వినబడింది.

"తమ్ముడా! మీ బావకి పాము కరిసేసింది. రక్తపింజర. తోటలో తుప్పలు కొడతంటే కాలి మీదేసింది. అంబులెన్సులో ఉన్నాం."

పైడిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎంతవరకు వచ్చారప్పా?"

"దిగువపేట జంక్షన్ కాడున్నాం. ఇక్కడాసుపత్రిలో మందున్నాదని తెర మీద పడింది. డ్రైవరు ఫోన్ సేత్తే అక్కడ ఎవులూ ఎత్తట్నేదు. తిన్నగా కోటపాలెం పెద్దాసుపత్రికి పోదామా అంతన్నాడు. అదేమో దూరం. ఇది నీ యంత్రమే గదా తమ్ముడా. నువ్వు సెప్పు, ఎటెల్లాల?"

రుఖియా అడిగిన ప్రశ్న అతని మనసులో ఒక మూల కదిలింది. కదిలిందని తర్వాత అతనికి బాగా గుర్తుంది. కానీ "నీ యంత్రమే గదా" అన్న మాట చెవులకు ఇంపుగా ఉంది. అప్ప ఎదురుచూస్తోంది. "ఏమో, తెలియదు" అనడానికి నోరు రాలేదు.

"అది నేను రాసిందేనప్పా. ఉందంటే ఉన్నట్టే. దిగువపేటకే పోండి, దగ్గర," అన్నాడు.

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. గవర్రాజు మాట్లాడాడు. గొంతు నీరసంగా ఉంది, అయినా అందులో పాత వేళాకోళం పోలేదు.

"ఏం బామ్మర్దీ, ఆఖరికి పాము కరిస్తే గానీ నాతో మాటాడవేటి?"

"బావా..." అన్నాడు పైడిరాజు. 

"ఈపాలి నీ మాటకి నాను అడ్డు సెప్పను. నువ్వెటంటే అటే," అన్నాడు గవర్రాజు.

"నీకేం కాదు బావా. నేను బయల్దేరి వచ్చేస్తున్నా," అన్నాడు పైడిరాజు. అన్నంత పనీ చేశాడు, వానలోనే బండి తీశాడు.

దిగువపేట ఆసుపత్రిలో జరిగింది ఇది. పొద్దున్నే వేరే ఊరివాళ్లకు పాముకాటు తగిలి, ఉన్న మందంతా అయిపోయింది. మందులగది చూసుకునే ఆయన కొత్త మందు తేవడానికి జిల్లా గోడౌన్‌కు వెళ్లాడు. అందుకే ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత గాలికి కరెంటు తీగలు తెగి గదిలో కంప్యూటర్ ఆగిపోయింది. అంబులెన్సు తెర ఆ కంప్యూటర్‌ను అడిగింది. జవాబు రాలేదు. ముందే నింపి పెట్టిన "ఉంది" అలాగే తెర మీద ఉండిపోయింది.

అంబులెన్సు గేటులోకి వెళ్లగానే నర్సు వానలో తడుస్తూ ఎదురొచ్చింది. "మందు లేదమ్మా! పొద్దున్నే అయిపోయింది. కోటపాలెం తీసుకుపోండి!" అంది. డ్రైవరు బండి వెనక్కి తిప్పాడు. దారిలో వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. అది కాస్త తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. గవర్రాజు చిగుళ్ల నుంచి రక్తం కారింది. నారాయణమ్మ తన చీరకొంగుతో తుడుస్తూనే ఉంది.

పైడిరాజు కోటపాలెం చేరేసరికి ఆమె ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి ఏడవలేదు. "ఎల్లిపోనాడురా," అంది. అంతే. డాక్టరు బయటికొచ్చి పైడిరాజును పక్కకు పిలిచి, "మందు మా దగ్గర ఉందండీ. కాస్త ముందు తెచ్చుంటే చూసేవాళ్లం," అన్నాడు. పైడిరాజు అక్కడే బెంచీ మీద కూలబడిపోయాడు. బావ మొహం చూడ్డానికి లోపలికి వెళ్లాలి. వెళ్లలేకపోయాడు.

కర్మకాండ అయ్యేదాకా అతను జీడివలసలోనే ఉన్నాడు. వచ్చినవాళ్లంతా వానను తిట్టారు, వాగును తిట్టారు, కరెంటును తిట్టారు. ఒక్కరు కూడా అతన్ని ఏమీ అనలేదు. "నువ్వు చేయగలిగింది చేశావు బాబూ" అన్నారు. ఎన్నాళ్లుగానో అతను కోరుకున్నది అదే, అందరూ తలలూపడం. ఇప్పుడది ఒంటికి ముళ్లలా గుచ్చుకుంది.

విశాఖపట్నం తిరిగి వచ్చాక నేరుగా ఆఫీసుకు వెళ్లాడు. రుఖియా పక్కన పెట్టిన పరీక్షను వెతికి తీశాడు. మాక్ నోరు కట్టి ఉంది. పరీక్ష నడిపాడు. ఎర్ర గీత పడింది. కింద రెండు వరుసలు వచ్చాయి. ఉండాల్సింది: జవాబు రాలేదు. కనబడింది: ఉంది.  ఖాళీలో ముందే నింపిన "ఉంది" తీసేసి "జవాబు రాలేదు" అని పెట్టాడు. అది నిజంగా చిన్న మార్పే. తెచ్చుకున్న టీ చల్లారక ముందే అయిపోయింది. అప్పుడు తల బల్ల మీద పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

వైకుంఠరావు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "కరెంటు పోతే మనమేం చేస్తాం పైడిరాజూ? నీ తప్పేం లేదు," అన్నాడు.

"ఉంది సార్," అన్నాడు పైడిరాజు. జట్టులో అందరినీ పిలిచి జరిగింది దాచకుండా చెప్పాడు. రుఖియా వైపు తిరిగి, "నువ్వు చెప్పావమ్మా. నేనే వినలేదు," అన్నాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "నేను ఇంకోసారి అడగాల్సిందండీ. భయపడ్డాను," అంది. ఆ మాట అతన్ని ఇంకా కుంగదీసింది. ఆ భయం పెట్టింది కూడా తనే కదా.

ఇక మిగిలింది అప్పకు చెప్పడం. చెప్పకపోయినా గడిచిపోయేది. ఆమెకు జావా తెలియదు, మాక్ తెలియదు. తమ్ముడి మాట మీద ఆమెకున్న నమ్మకం చెక్కుచెదరలేదు. అదే అతన్ని నిలవనివ్వలేదు. ఒక ఆదివారం పొద్దున్నే జీడివలస వెళ్లాడు. నారాయణమ్మ తోట దగ్గర, భర్త సగం కొట్టి వదిలేసిన తుప్పల పక్కన కూర్చుని ఉంది. అతను ఎదురుగా నేల మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పాడు. ఉత్తుత్తి కంప్యూటర్‌కు తను ఒక్క మాటే నేర్పడం, ఖాళీలో "ఉంది" అని నింపడం, రుఖియా పరీక్షను తీయించేయడం, ఆ రోజు ఫోన్‌లో మనసులో సందేహం కదిలినా నోరు మెదపకపోవడం, అన్నీ చెప్పాడు.

ఆమె అంతా విన్నాక, "ఫోనెత్తకపోతే దిగువపేట ఎల్లకూడదనే అనుకున్నాం. నువ్వు సెప్పినావని ఎల్లినాం," అంది.

"నన్ను తిట్టప్పా. కొట్టు," అన్నాడు పైడిరాజు.

"తిడితే ఆయనొత్తాడేటి?" అంది నారాయణమ్మ.  "నాకు తెలీదప్పా అని ఒక్క మాటనుంటే తిన్నగా కోటపాలెం పోయీవోళ్లం గదరా. అంత కట్టమైందేటి ఆ మాట?"

అతను తల వంచుకున్నాడు.

"నీకు కాదని సెప్పేటోడు మీ బావొక్కడే ఉండీవాడు. అందుకే గదా ఆయనతో మాటాడ్డం మానీసినావు. పోయే ముందర ఆయన కూడా నీకు సరేననీసినాడు," అంది.  "ఇంక నీకెవులు సెప్తారు తమ్ముడా?"

 ఇద్దరూ అక్కడే కూర్చుని ఏడ్చారు. ఆ తర్వాత అతను తన ప్రతి మాక్‌కు "లేదు" అనడం, ఆలస్యం చేయడం, మౌనంగా ఉండటం అన్నిటికంటే ముందు నేర్పేవాడు. రుఖియాను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇందులో తప్పేముందో చెప్పు" అని అడిగేవాడు. ఎన్ని చేసినా, "గాలాడదు బామ్మర్దీ" అన్న గొంతు కోసం అతని చెవులు వెతుక్కుంటూనే ఉండేవి.

నీతి: మనం నేర్పిన జవాబునే తిరిగి విని అదే నిజమనుకుంటే ఏదో ఒకరోజు దానికి మూల్యం మనవాళ్లు చెల్లిస్తారు, అందుకే కాదనేవాళ్లను దూరం చేసుకోకూడదు, తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి సిగ్గుపడకూడదు.